మా తమ్ముడి నోటుపుస్తకం

ఈ పాఠం చదవడానికి ముందు మీరొక చిన్న పని చెయ్యాలి. వంటింట్లోకి వెళ్ళి ఒక చెంచాడు పెసలు, ఒక చెంచాడు మినుములు, ఒక చెంచాడు కందిపప్పు తెచ్చి ఒకే పళ్ళెంలో పోసి బాగా కలపండి. గడియారం చూసుకుని, ఒక్కొక్క గింజే ఏరి మూడు కుప్పలుగా పెట్టండి. సగం పని అయ్యేసరికి మీ ఇంట్లో ఎవరినైనా పిలిచి, మీకు తెలియని ఫోను నంబరు ఒకటి ఒక్కసారి చదివి వినిపించమనండి. దాన్ని రాసుకోకూడదు. ఏరడం ఆపకూడదు. పని పూర్తయిన తరువాత ఆ నంబరును కాగితం మీద రాయండి.

చేశారా? అయితే ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. నంబరు వినగానే మీ చేతులు నెమ్మదించి ఉంటాయి. పెదవులు కదిలి ఉంటాయి. ఒకటి రెండు పెసలు మినుముల్లో పడి ఉంటాయి. అంతలో వీధిలో ఎవరో మిమ్మల్ని పిలిస్తే నంబరులో చివరి రెండంకెలు జారిపోయి ఉంటాయి.

ఇంత చిన్న పనికే మన మనసు ఎన్ని పనులు ఒకేసారి చేస్తుందో చూడండి. కావలసిన దాని మీద దృష్టి నిలపాలి. విన్నదాన్ని వాడుకునేంతవరకు చేజారకుండా పట్టుకోవాలి. ఏది ముందు, ఏది తరువాత అని వరస వేసుకోవాలి. చూసినదాన్ని వెంటనే గ్రహించి చేతికి అందించే వేగం వీటన్నిటికీ అడుగున ఉండాలి. వీటిని కలిపి ఈ పాఠంలో గ్రహణశక్తులు అని పిలుచుకుందాం. ఇవి సక్రమంగా ఉన్నంతకాలం ఉన్నాయన్న సంగతే మనకు తెలియదు.

మా తమ్ముడు 2017లో మొదటిసారి ఈ గింజల పళ్ళెం ముందు కూర్చున్నప్పుడు 50 నిమిషాలు పట్టింది. మధ్యలో నాలుగుసార్లు లేచాడు. ఫోను నంబరు మాట అప్పుడు మేము ఎత్తనేలేదు. అతనికి స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి ఉంది. అతని అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేరు మాత్రం వద్దన్నాడు.

మేము ఉండేది ఛత్తీస్‌గఢ్‌లో, బిలాస్‌పూర్‌కు సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న రతన్‌పూర్‌లో. తెలుగు పుస్తకంలోకి ఈ ఊరెలా వచ్చిందని మీకు అనిపించవచ్చు. బిలాస్‌పూర్ పెద్ద రైల్వే కూడలి. బెంగాల్ నాగపూర్ రైల్వే అన్న పేరు ఉన్న రోజుల నుంచి అక్కడికి తెలుగువాళ్ళు ఉద్యోగాలకు వస్తూనే ఉన్నారు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడి, బిలాస్‌పూర్ దానికి ప్రధాన కేంద్రమయింది. మా నాన్న విజయనగరం జిల్లా నుంచి వచ్చి లోకో షెడ్డులో ఫిట్టరుగా చేరాడు. మేమిద్దరం రైల్వే క్వార్టర్లలోనే పుట్టాం. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, ఆటల్లో ఛత్తీస్‌గఢీ. నాన్న 1999లో రిటైరయ్యాక రతన్‌పూర్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. స్థలం చవకగా దొరికిందని ఆయన, మహామాయ అమ్మవారి నీడన ఉండవచ్చని మా అమ్మ ఒప్పుకున్నారు.

రతన్‌పూర్ ఒకప్పుడు కలచురి రాజుల రాజధాని. ఇప్పుడు చిన్న ఊరు. ఎటు నాలుగడుగులు వేసినా ఒక చెరువు కనబడుతుంది. నవరాత్రులలో మహామాయ గుడిలో భక్తుల పేర వేల దీపాలు వెలిగిస్తారు. ఆ తొమ్మిది రోజులూ దారి నిండా జనం. గుడి దారిలోనే మాకొక చిన్న కొట్టు ఉంది. కొబ్బరికాయలు, అగరువత్తులు, అమ్మవారికి కప్పే ఎర్ర చున్నీలు, వీటితోపాటు ఉప్పూ పప్పూ కూడా అమ్ముతాం. ఈ కొట్టు సంగతి గుర్తుంచుకోండి. మా పాఠశాల అదే.

తమ్ముడికి 2001లో జబ్బు చేసింది. అప్పటికి 21 ఏళ్ళు. ఐటీఐ చివరి పరీక్షలు దగ్గరకొచ్చాయి. రాత్రిళ్ళు నిద్ర తగ్గింది. స్టేషనులో మైకు తన పేరే చెబుతోందన్నాడు. తరువాత మైకు లేకుండానే ఆ గొంతు వినిపించడం మొదలయింది. ఎవరో తన ఆలోచనలు ముందే తెలుసుకుని నవ్వుతున్నారన్నాడు. అందరిళ్ళలాగే మా ఇంట్లోనూ తాయెత్తులు, విభూతి అయ్యాయి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడి అప్పటికి ఏడాది కాలేదు. పాత మధ్యప్రదేశ్‌లో పేరున్న మానసిక వైద్యశాలలు గ్వాలియర్‌లో, ఇండోర్‌లో ఉండేవి. అంత దూరం, పైగా తెలియని వాళ్ళ మధ్య ఎందుకని నాన్న విశాఖపట్నం రైలెక్కించాడు. అక్కడ డాక్టరు తెలుగులో అడిగితే తమ్ముడు మొదటిసారి ఆ గొంతుల గురించి వివరంగా చెప్పాడు. మానసిక వైద్యంలో భాష ఎంత పని చేస్తుందో ఆ రోజు మా నాన్నకు అర్థమయింది. (ఇప్పుడు బిలాస్‌పూర్ నుంచి రతన్‌పూర్ వచ్చే దారిలోనే, సేంద్రి దగ్గర, రాష్ట్ర మానసిక చికిత్సాలయం ఉంది. 2001లో అది లేదు.)

ఇక్కడ ఒక మాట. స్కిజోఫ్రీనియా అంటే ఒకే మనిషిలో ఇద్దరు మనుషులు ఉండడమని సినిమాలు మనకు నేర్పాయి. అది పొరపాటు. స్విట్జర్లాండుకు చెందిన బ్లాయిలర్ అనే వైద్యుడు 1908లో ఈ పేరు పెట్టాడు. చీలిన మనసు అని దాని అర్థం. ఆలోచన, అనుభూతి, చేత కలిసి నడవక విడివిడిగా పోవడాన్ని ఆయన అలా అన్నాడు. అంతకు ముందు క్రేపెలిన్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని చిన్న వయసులోనే వచ్చే బుద్ధిమాంద్యంగా లెక్కగట్టాడు. ఆ పేరు పోవడం మంచిదే అయింది. కాని ఒక్క విషయం ఆయన సరిగా గమనించాడు. గొంతులు, అనుమానాలు మాత్రమే ఈ వ్యాధి కాదు. అవధానం, జ్ఞాపకం కూడా దెబ్బతింటాయి. తరువాత చాలాకాలం వైద్యులు గొంతుల మీదే దృష్టి పెట్టారు. 1952లో క్లోర్‌ప్రొమజైన్ అనే మందు వచ్చాక అవి అదుపులోకి రావడం చూసి లోకం సంతోషించింది. ఆ సంతోషంలో రెండో సంగతి వెనకబడింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రతి 300 మందిలో సుమారు ఒకరికి ఈ వ్యాధి ఉంటుంది. అంటే మీ ఊళ్ళోనూ ఉంటారు. వాళ్ళలో ఎక్కువమంది ఆసుపత్రిలో ఉండరు. ఇంట్లో, అరుగు మీద, గుడి మెట్ల మీద ఉంటారు. మా తమ్ముడికి కూడా మందులతో రెండేళ్ళలో గొంతులు చాలావరకు తగ్గాయి. చుట్టాలు నయమైపోయిందన్నారు. ఆ తరువాత 14 ఏళ్ళు అతను ఇంట్లో కూర్చునే ఉన్నాడు.

అలా ఎందుకు ఉండిపోయాడో చెబుతాను. అమ్మ ఉప్పు, చింతపండు, అగ్గిపెట్టె తెమ్మని పంపితే ఉప్పు ఒక్కటే తెచ్చేవాడు. ఒక్కోసారి ఖాళీ చేతులతో వచ్చి గడపలో నిలబడేవాడు. స్నానానికి నీళ్ళు పెట్టుకుని, నీళ్ళు కాగేసరికి ఎందుకు పెట్టుకున్నాడో మరిచిపోయేవాడు. ఎండాకాలంలో చొక్కా మీద చొక్కా తొడిగేవాడు. నలుగురు మాట్లాడుకుంటుంటే మధ్యలో లేచిపోయేవాడు. బజారులో అందరూ దీనికి పెట్టిన పేరు సోమరితనం. "మందులేసుకుని తిని పడుకుంటున్నాడు" అనేవారు. మీరు ఇందాక గింజలేరుతూ ఫోను నంబరు మోశారు కదా, ఆ బరువు పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా దిగకుండా ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నలుగురి మాటల్లో ఎవరి మాట వెంట వెళ్ళాలో తెలియకపోతే లేచిపోవడం కంటే ఏం చేస్తారు?

అమ్మ 2016లో చనిపోయింది. చివరి రోజుల్లో ఆవిడ అడిగినది ఒకే ప్రశ్న. "నా తరవాత వీడి కంచం ఎవరు చూస్తారే?" నేను చూస్తానన్నాను. "నీ తరవాత?" అంది. నేను అతనికంటే మూడేళ్ళే పెద్దదాన్ని. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మానసిక వ్యాధి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ ప్రశ్న ఉంటుంది.

2017లో వైద్య సలహా కోసం కోర్బా నుంచి యశ్వంత్‌పూర్ వెళ్ళే వైన్‌గంగా ఎక్స్‌ప్రెస్సులో బెంగుళూరు వెళ్ళాం. అక్కడొక మనస్తత్వ నిపుణురాలు, కర్నూలు వైపు ఆవిడ, తమ్ముడితో గంటసేపు కూర్చుంది. పరీక్షలు పెట్టింది. తరువాత మాతో చెప్పిన విషయం నాకు కొత్తది. కాలు విరిగి కట్టు విప్పాక నడక మళ్ళీ నేర్పిస్తాం కదా, అలాగే ఈ గ్రహణశక్తులకు కూడా రోజూ సాధన చేయించవచ్చునట. గింజలేరడం, కాగితం, పెన్సిలు చాలునట. నమ్మకం కుదరక మా ఆయన, "ఇది మన దేశంలో ఎవరైనా చేసి చూశారా అండీ?" అని అడిగారు. చేశారు. బెంగుళూరులోని నిమ్హాన్స్‌లోనే శంతల హెగ్డే, శోభిని రావు మొదలైనవారు, వ్యాధి కొత్తగా వచ్చినవాళ్ళకు ఇంటి దగ్గర కుటుంబ సభ్యుల సాయంతో ఇటువంటి శిక్షణ ఇప్పించి, ఫలితాలను 2012లో ప్రచురించారు. మా తమ్ముడి వ్యాధి కొత్తది కాదు. కాబట్టి ఆ ఫలితాలే మాకూ వస్తాయని ఆవిడ హామీ ఇవ్వలేదు. అందుకే ఆవిడ మాట మీద నాకు గురి కుదిరింది.

ఇక సాధన ఎలా సాగిందో వినండి. రోజూ ఉదయం ఒక గంట. మొదట గింజలు. రెండు రకాలతో మొదలు పెట్టాం, ఒక్కో చెంచాడు కూడా కాదు, పాతికేసి గింజలు. తప్పు జరగడానికి వీలులేనంత తేలికగా మొదలు పెట్టమన్నారు. ఇందులో ఒక కారణం ఉంది. మామూలుగా మనం తప్పు చేసి దిద్దుకుని నేర్చుకుంటాం. జ్ఞాపకం బలహీనంగా ఉన్నవాళ్ళకు చేసిన తప్పే గట్టిగా నాటుకుని, దిద్దుకున్నది జారిపోతుంది. అందుకని వాళ్ళకు తప్పు జరగని మెట్టు నుంచే మొదలు పెట్టి, నెమ్మదిగా పైకి తీసుకువెళ్ళాలి. తరువాత పాత తెలుగు వారపత్రిక పేజీలో "క" అక్షరం ఎక్కడ కనబడితే అక్కడ కొట్టివేయడం. అటు తరువాత నేను ఐదు వాక్యాలు చదివితే విని, తిరిగి చెప్పడం. ఆఖరున చిల్లర లెక్క.

ఒక మామూలు గీతల నోటుపుస్తకంలో తేదీ, పని, పట్టిన సమయం రాసేదాన్ని. రెండు వారాల తరువాత తనే రాస్తానన్నాడు. నాలుగో గడి ఒకటి గీసుకుని దానికి "ఎలా ఉంది" అని పేరు పెట్టాడు. అందులో మొదట రాసిన మాట "విసుగు".

ఆ విసుగును చిన్నచూపు చూడకండి. మూడో నెలలో ఒక రోజు పళ్ళెం తోసేశాడు. గింజలు మంచం కిందికి పోయాయి. "నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా అక్కా? గింజలేరితే నాకేమొస్తుంది?" అన్నాడు. బెంగుళూరు ఆవిడకు ఫోను చేశాను. ఆవిడ నాతో మాట్లాడకుండా అతనికే ఇవ్వమంది. "నీకేం కావాలి?" అని అడిగింది. ఆ మాట అతన్ని 16 ఏళ్ళలో ఎవరూ అడిగినట్టు లేదు. చాలాసేపు ఊరుకుని చెప్పాడు. బిలాస్‌పూర్ ఒక్కడూ వెళ్ళాలి. ప్లాటుఫారం మీద కూర్చుని ఇంజన్లు చూడాలి. తన మందులు తనే కొనుక్కుని రావాలి.

అక్కడి నుంచి మా సాధన దారి మారింది. ఈ శిక్షణలో లోపలి కిటుకు కూడా ఇదేనని తరువాత తెలుసుకున్నాను. గింజలేరడంలో ఆరితేరినవాడు గింజలేరడంలోనే ఆరితేరుతాడు. ఆ నేర్పు కొట్టులోకి, బస్సులోకి, వంటింట్లోకి తనంతట తాను నడిచి రాదు. ఎవరో ఒకరు చెయ్యి పట్టి తీసుకురావాలి. ప్రపంచవ్యాప్తంగా జరిగిన 130 ప్రయోగాలను, అంటే 8,851 మంది ఫలితాలను కలిపి 2021లో ఒక పరిశీలన వెలువడింది. ఈ శిక్షణ వల్ల గ్రహణశక్తిలోనూ నిత్యజీవితంలోనూ మేలు కలుగుతుందని, అయితే అది కొద్దిపాటి నుంచి మధ్యరకం వరకే ఉంటుందని అందులో తేలింది. శిక్షణ ఇచ్చే మనిషి దగ్గర ఉండి, ఉపాయాలు నేర్పి, వాటిని నిజమైన పనులకు జోడించినప్పుడు మేలు ఎక్కువగా కనబడింది. ఈ మధ్య ఫోన్లలో మెదడుకు పదును పెడతామని చెప్పే ఆటలు అమ్ముతున్నారు. ఆడుకుంటే ఆడుకోండి. వ్యాధి నయమవుతుందని మాత్రం డబ్బు తగలెయ్యకండి.

సరే, కొట్టు సంగతికి వద్దాం. మనిషి వచ్చి రెండు కొబ్బరికాయలు, ఒక అగరువత్తి కట్ట, ఒక చున్నీ అడిగి వంద రూపాయల నోటు ఇస్తాడు. మీకూ నాకూ ఇది ఒక పని. తమ్ముడికి ఇది ఎనిమిది పనులు. వాటిని విడదీసి వరస కట్టాం. అడిగినదాన్ని తిరిగి పైకి చెప్పాలి: "దో నారియల్, ఏక్ అగర్‌బత్తీ, ఏక్ చున్నీ. ఠీక్ హై భయ్యా?" ప్రతి వస్తువూ పళ్ళెంలో పెట్టాలి. పలక మీద ధరలు రాసి కూడాలి. ఇక వాళ్ళిచ్చిన నోటును చిల్లర ఇచ్చేదాకా గల్లాపెట్టెలో వెయ్యకుండా పెట్టె మూత మీద, బరువు కింద ఉంచాలి. ఇది మా నాన్నకు బుధ్‌వారీ బజారులో ఒక ముసలి వర్తకుడు నేర్పిన పద్ధతి. ఎంత ఇచ్చారో గుర్తుపెట్టుకునే పని ఉండదు. నోటే ఎదురుగా ఉంటుంది. మనస్తత్వ నిపుణులకు తెలిసిన ఉపాయం మన బజారుకు ఎప్పటి నుంచో తెలుసు!

సరుకుల జాబితా గుర్తుపెట్టుకోవడానికి ఇంకో ఉపాయం. ఐదు వస్తువులు విడిగా చెబితే మూడు పోతాయి. కందిపప్పు, చింతపండు, కరివేపాకు అంటే సాంబారు. కర్పూరం, వత్తులు అంటే పూజ. ఐదింటిని మోసే బదులు రెండింటిని మొయ్యాలి. మీరు పరీక్షలకు చదివేటప్పుడు కూడా ఇది చేసి చూడండి. పగలంతా పనిచేసి రాత్రి పుస్తకం పట్టుకునే వాళ్ళకు ఇది బాగా పనికొస్తుంది.

మనసుకు సాధన చేయించడం ఒక దారి అయితే, ఇంటినే మార్చడం ఇంకొక దారి. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో డాన్ వెలిగన్ అనే పరిశోధకురాలు, ఆమెతో పనిచేసినవారు ఈ రెండో దారిని ఒక పద్ధతిగా అభివృద్ధి చేశారు. గుర్తుండనివాడికి గుర్తుంచుకోమని చెప్పడం మాని, గోడ, డబ్బా, గడియారం గుర్తుచేసేలా ఏర్పాటు చెయ్యడం అందులో ముఖ్యం. కొందరు ఏ పనీ మొదలు పెట్టలేరు. వాళ్ళకు కదిలించే గుర్తులు పెట్టాలి. కొందరు కంటికి కనబడిన ప్రతిదాని వెంట పోతారు; వాళ్ళ ఎదుటి నుంచి అక్కర్లేనివి తీసేయాలి. తమ్ముడిలో రెండూ ఉన్నాయి. చొక్కా మీద చొక్కా తొడగడం రెండోది. అందుకని బట్టల అలమరా ఖాళీ చేసి, రోజుకొక జత చొప్పున ఏడు సంచుల్లో పెట్టి, వారాల పేర్లు రాసి వరసగా తగిలించాం. ఆ వారంతోనే రెండు చొక్కాల సమస్య పోయింది. 15 ఏళ్ళ తగువు ఏడు గుడ్డ సంచులతో తీరిందని తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది.

స్నానాల గది తలుపు మీద బొమ్మల వరస అంటించాం. మందుల డబ్బాకు ఉదయం పసుపు, రాత్రి నీలం రంగు. ఫోనులో అలారం నా గొంతుతో పెట్టాను. మూడు రోజులు పోయాక దాన్ని తీసేసి తన గొంతుతో పెట్టుకున్నాడు. "నువ్వు పొద్దున్నే అరుస్తున్నట్టుంది అక్కా" అన్నాడు.

మందుల గురించి ఒక హెచ్చరిక చెప్పకుండా ముందుకు పోకూడదు. ఈ శిక్షణ మందులకు బదులు కాదు. మందులు ఆపేస్తే గొంతులు తిరిగి వస్తాయి. అప్పుడు గింజలూ ఉండవు, నోటుపుస్తకమూ ఉండదు. అయితే చేతుల వణుకు తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ వంటి మందులు కొందరిలో జ్ఞాపకాన్ని మందగింపజేస్తాయి. తమ్ముడికి వణుకు ఎప్పుడో తగ్గినా ఆ మాత్ర చీటీలో అలాగే కొనసాగుతోంది. డాక్టరును అడిగితే నెమ్మదిగా తగ్గించారు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉంటే మీరు సొంతంగా ఏదీ ఆపకండి. డాక్టరును అడగండి. అడగడం తప్పు కాదు. డాక్టరు దగ్గరలో లేకపోతే 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవ ఉంది. 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.

ఇదంతా నిపుణులు లేని చోట సాధ్యమా అని మీరు అడగవచ్చు. మన దేశంలోనే గోవా, మహారాష్ట్ర, తమిళనాడులలో 282 మందితో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. ఫలితాలు 2014లో వెలువడ్డాయి. డాక్టర్ల వైద్యానికి తోడుగా, శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలు రోగుల ఇళ్ళకు వెళ్ళి, మందులు, దినచర్య, ఉపాధి, కుటుంబం వంటి విషయాలలో సాయం చేశారు. అది అచ్చంగా గ్రహణశిక్షణ కాదు. అయినా ఏడాది తిరిగేసరికి వ్యాధి లక్షణాలు, పనికి ఎదురయ్యే ఆటంకాలు కొంత తగ్గాయి. ఖర్చు మాత్రం కొంత పెరిగింది. నాకు తోచిన మాట చెబుతాను: ఆ ఖర్చు పెట్టవలసినదే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, సమాజంలో అందరి మధ్య బతికే హక్కు మానసిక వ్యాధి ఉన్నవారికి ఉందని స్పష్టంగా చెప్పింది. ఇంటికి వచ్చి నేర్పే మనిషి లేకపోతే ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది. ఇప్పుడు ఆ పని ఇళ్ళలో అక్కలు, అమ్మలు, వదినలు చేస్తున్నారు. జీతం లేదు, సెలవు లేదు.

బిలాస్‌పూర్ ప్రయాణానికి ఏడాదిన్నర పట్టింది. మొదట బస్సులో పక్క సీట్లో కూర్చున్నాను. తరువాత రెండు సీట్లు వెనక. తరువాత అతను ముందు బస్సులో, నేను వెనక బస్సులో. ఒకసారి అతని బస్సు దారిలో చెడిపోయి, నేనే ముందు చేరి, ఎండలో నిలబడి అతని కోసం చూశాను. అతను తాపీగా దిగి, "ఏం అక్కా, కంగారు పడ్డావా?" అన్నాడు. ఒక అట్టముక్క మీద దిగవలసిన చోటు, మందుల దుకాణం, తిరుగు బస్సు, నా ఫోను నంబరు రాసి జేబులో పెట్టుకునేవాడు. 2019 మార్చిలో ఒక్కడూ వెళ్ళాడు. రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. ఏమయిందని అడిగితే తిరుపతి బండి చూసి వచ్చానన్నాడు.

అన్నీ ఇలాగే సాగాయని అనుకోకండి. 2020లో కరోనా వచ్చి బస్సులు ఆగిపోయాయి. సాధన ఆగింది. నేర్చుకున్నదాంట్లో సగం కరిగిపోయింది. మళ్ళీ పాతికేసి గింజల దగ్గర మొదలు పెట్టాం. ఈసారి మాత్రం 50 నిమిషాల దాకా పోలేదు. ఇప్పటికీ నవరాత్రుల రద్దీలో అతను ముందు కూర్చోడు. నలుగురు ఒకేసారి అడిగితే చేతులు ఆగిపోతాయి. ఆ తొమ్మిది రోజులూ వెనక గదిలో కాయలు లెక్కపెట్టి అందిస్తాడు. అది మేము కలిసి చేసుకున్న ఏర్పాటు. ఎప్పటికైనా ముందు కూర్చోవాలని మా ఆయన అంటారు. అక్కర్లేదని నేను. తమ్ముడిని అడిగితే, "రద్దీ మీకు మాత్రం ఇష్టమా?" అంటాడు.

2024లో మా పెదనాన్న మనవరాలి పెళ్ళి విజయనగరంలో జరిగింది. మేము నలుగురం వెళ్ళాలి. తమ్ముడు పెళ్ళి పందిట్లో గోల భరించలేనన్నాడు. మూడు రోజులు ఇల్లు, కొట్టు ఒక్కడే చూసుకుంటానన్నాడు. మా అమ్మ అడిగిన ప్రశ్న నాకు గుర్తుకు వచ్చింది. మా ఆయన వద్దన్నారు. రాత్రి చాలాసేపు వాదన అయింది. చివరకు పొరుగావిడకు ఒక తాళంచెవి ఇచ్చి, రోజుకు రెండుసార్లు ఫోను చెయ్యాలని మాట్లాడుకుని బయలుదేరాం. కోర్బా నుంచి విశాఖ వెళ్ళే బండిలో రాత్రంతా నాకు నిద్ర లేదు.

నాలుగో రోజు తిరిగి వచ్చేసరికి అతను కొట్టులో ఉన్నాడు. ముందు గల్లాపెట్టె చూశాను. తరువాత నోటుపుస్తకం తీశాను. మొదటి రోజు కాయలు 14, కట్టలు 9, చున్నీలు 3, లెక్క సరిపోయింది. రెండో రోజు పేజీలో మధ్యాహ్నం దాకానే ఉంది. కింద ఇలా రాశాడు: "సాయంత్రం కొట్టు తియ్యలేదు. తల బరువుగా ఉంది. గొంతు కొంచెం వినబడింది. మందు వేసుకున్నాను. పక్కింటి దీదీకి చెప్పాను. అన్నం తిని పడుకున్నాను." మూడో రోజు మళ్ళీ తీశాడు. 11 రూపాయలు తక్కువ వచ్చాయి. ఎదురుగా "ఒక పాపకు అగరువత్తి ఊరికే ఇచ్చాను. మరిచిపోయి కాదు." అని ఉంది.

"ఎలా ఉంది" అన్న గడి ఆ మూడు రోజులూ ఖాళీగా వదిలేశాడు. ఎందుకని అడిగితే రాయడానికి తీరిక లేదన్నాడు. ఇప్పుడు బ్యాంకు కార్డు వాడడం నేర్పమంటున్నాడు. దానికి ఎన్ని మెట్లు అవుతాయో మొన్న ఆదివారం ఇద్దరం కూర్చుని లెక్కవేశాం. పదకొండు వచ్చాయి. ఆరో మెట్టు దగ్గర, వెనక వరసలో నిలబడినవాళ్ళు తొందర పెడితే ఏం చెయ్యాలన్న దాని గురించి ఇంకా మాట్లాడుకోవాలి.